తీర్పు చిత్రమునకా? నటికా?

మన దేశమున పండితుడును పామరుడును సమానముగా న్యాయాధిపతులై కూర్చుండు సభ యొక్కటే కలదు. అది సినిమాశాల. న్యాయస్థానమున వాదింపవలెనన్న పట్టా కావలెను. వైద్యము చేయవలెనన్న శాస్త్రము చదువవలెను. పద్యమున దోషము పట్టవలెనన్న ఛందస్సెరుగవలెను. చలనచిత్రమును గూర్చి యభిప్రాయము చెప్పుటకు మాత్రము ఒక టిక్కెట్టు చాలును. నేడు టిక్కెట్టును అక్కరలేదు. చేతిలో ఫోనున్న చాలును. దీనిని చూచి పెద్దలు కొందరు నవ్వుదురు. "కూలిజనమునకు కళ యేల? అంగడివాని యభిప్రాయమునకు విలువ యేమి?" అని యడుగుదురు. మేము వారితో నేకీభవింపము. దేశపాలకులను ఎన్నుకొనుటకు ఏ ప్రజ యర్హతగలదని మనము నమ్మితిమో, తన కన్నులార చూచిన యాటను గూర్చి పలుకుటకును ఆ ప్రజయే యర్హతగలది.

అయిన హక్కున్న చోట ధర్మము కూడ నుండును. ఓటు హక్కుగలవాడు అభ్యర్థి పనిని విచారింపక వాని యింటిలోని గుట్టును విచారించినచో ఆ హక్కు చెడును. అట్లే ప్రేక్షకుడు చిత్రమును విడిచి నటియొక్క జీవితముపై తీర్పు చెప్ప నారంభించినచో అతని హక్కు హక్కుగాక దౌర్జన్యమగును. ఈ దౌర్జన్యమును మనము చేసితిమా లేదా యను ప్రశ్నను నేడు పాఠకుల ముందుంచుచున్నాము. నిదర్శనముగా ఒక్క పేరు చాలును. ఆ పేరు సావిత్రి.

సావిత్రిని మహానటిగా చేసినది ఏ విద్యాపీఠమును గాదు, ఏ పండితపరిషత్తును గాదు. గుంటూరు జిల్లా చిఱ్ఱావూరున పుట్టిన ఆ బాలిక మద్రాసు చేరి, 1951లో పాతాళభైరవి చిత్రమున ఒక చిన్న నృత్యసన్నివేశమున కనబడెను. 1952లో పెళ్ళిచేసిచూడు చిత్రమున రెండవ నాయికగా నటించెను. 1953 జూన్ నెలలో దేవదాసు వచ్చెను. అప్పటికి ఆంధ్రరాష్ట్రము ఇంకను ఏర్పడలేదు. అది ఆ యేటి అక్టోబరు 1వ తేదీన గదా యేర్పడినది. అంతకు ముందే, 1951-52 సంవత్సరములలో, మన ప్రజలు మొట్టమొదటి సార్వత్రిక యెన్నికలలో ఓటు వేసి వచ్చిరి. జమీందారునకును పాలేరునకును ఒక్కటే ఓటు అను మాట అప్పుడే వారికి అనుభవమునకు వచ్చెను. ఆ ప్రజలే సినిమాశాలలోను కూర్చుండి, తమ ఓటు ఎవరికో తేల్చిరి.

ఆ రోజులలోని ప్రేక్షకుని పాఠకులు ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. నేల తరగతి, బెంచి తరగతి, కుర్చీ తరగతి. ఆడువారికి వేరుగా తావు. పల్లెలలో డేరా వేసిన టూరింగు టాకీసు. రెండవ యాట ముగిసిన తరువాత బండ్లు కట్టుకొని, చీకటిలో దారి పొడుగున చిత్రమును గూర్చి మాటలాడుకొనుచు ఇల్లు చేరిన జనులు వారు. మరునాడు చెరువు గట్టుననో, నూతి పళ్లెము కడనో, పొలములోనో ఆ చర్చ మరల సాగెడిది. చిత్రము బ్రతుకుటయు చచ్చుటయు ఆ చర్చ చేతిలో నుండెను. వారిలో అనేకులకు చదువు లేదు. అయినను వారి విమర్శ యెంత సూక్ష్మమైనదో చూడుడు.

1955లో మిస్సమ్మ వచ్చెను. అందలి నాయిక పాత్రకు మొదట నిర్ణయింపబడినది భానుమతి. ఆమె తప్పుకొనగా ఆ పాత్ర సావిత్రికి లభించెను. ఉద్యోగము కొరకు, అప్పు తీర్చుట కొరకు, పరిచయము లేని పురుషునకు భార్యగా నటింపవలసి వచ్చిన క్రైస్తవ యువతి మేరీ. ఆమె చిత్రమున సగము కాలము చిరాకుతోనే యుండును. నాయిక యనగా నవ్వుచు సిగ్గుపడుచు నుండవలెనని తలచు కాలమది. ఆ కాలమున చిడిముడిపడు నాయికను జనులు ప్రేమించిరి. ఏల? ఆ చిరాకులో మోసములేదు గనుక. మానముగల పిల్ల బలవంతముగా నటింపవలసినచో అట్లే యుండునని ప్రతి యిల్లాలును ఎరుగును గనుక. ఇది శాస్త్రము చదివి చెప్పిన మాట కాదు. బ్రతుకు చదివి చెప్పిన మాట.

1957లో మాయాబజారు వచ్చెను. ఘటోత్కచుడు శశిరేఖ రూపము దాల్చును. అనగా తెరపై కనబడునది సావిత్రి. ఆ శరీరము లోపల నున్నవాడు ఎస్.వి. రంగారావు. నడకలో, చూపులో, చేయి విసరుటలో ఒక రాక్షసుడు ఆడుపిల్ల వేషమున దాగియున్నాడని చూచువారికి తెలియవలెను. పెండ్లివారికి మాత్రము తెలియరాదు. ఇట్టి కత్తిమీది సామును సావిత్రి చేయగా, నేలపై కూర్చున్న పిల్లవాడు సైతము ఏ శశిరేఖ నిజమైనదో, ఏ శశిరేఖ మాయయో ఎవరును చెప్పకయే గుర్తించెను. నటికి దీనికి మించిన ప్రశంస యేమి కలదు? 1963లో నర్తనశాల వచ్చినప్పుడును ఇట్లే జరిగెను. రాణి యగు ద్రౌపది సైరంధ్రియై పరిచర్య చేయుచుండగా, వంచిన తలలో వంగని రాజసమును ప్రేక్షకులు కనిపెట్టిరి. తమిళ సోదరులును వెనుదీయలేదు. 1961 నాటి పాశమలర్ చూచి కంట తడిపెట్టని యిల్లు తమిళదేశమున అరుదు. ఆమెకు వారొసగిన పేరు నడిగైయర్ తిలకము. అనగా నటీమణులకు తిలకము.

ఈ తీర్పులన్నియు చిత్రములపై చెప్పిన తీర్పులు. అవి ధర్మబద్ధమైనవి. అచ్చటితో నిలిచియుండినచో ఈ వ్యాసము వ్రాయు నగత్యమే లేకుండెను.

కాని నిలువలేదు. ఆమె వయస్సు పెరిగెను, అవకాశములు తగ్గెను, సంసారము చెడెను, ఆరోగ్యము చెడెను, ధనము పోయెను. చాలకాలము స్పృహలేని స్థితిలో నుండి, ఏబదియేండ్లైనను నిండకుండ, 1981 డిసెంబరు 26వ తేదీన మద్రాసులో ఆమె కన్నుమూసెను. ఆనాటినుండి నేటివరకు మన ప్రేక్షకుని నోట వినబడు ప్రశ్న మారిపోయినది. పూర్వము "ఆమె యెట్లు నటించినది?" అని యడిగెడివారు. నేడు "ఆమె యెట్లు చెడినది?" అని యడుగుచున్నారు. పూర్వము మేరీని గూర్చియు, పార్వతిని గూర్చియు, శశిరేఖను గూర్చియు వాదించుకొన్న నాలుకలే, ఆమె యేమి త్రాగెను, ఎవరిని నమ్మెను, ఎంత పోగొట్టుకొనెను అని లెక్కలు కట్టుచున్నవి. పది చిత్రములు చూడనివాడు కూడ పది వదంతులు వల్లింపగలడు.

2018 మే నెలలో ఆమె జీవితమును కథావస్తువుగా గొని మహానటి యను చిత్రము వచ్చెను. నాగ్ అశ్విన్ దర్శకుడు. కీర్తి సురేష్ సావిత్రి పాత్ర ధరించెను. ఆ చిత్రము తెలుగున ఉత్తమ చిత్రముగా జాతీయ పురస్కారము పొందెను. కీర్తి సురేష్ జాతీయ ఉత్తమనటిగా గౌరవింపబడెను. ఆ పరిశ్రమను మేము తక్కువచేయము. సావిత్రి పేరైనను ఎరుగని యువజనులకు ఆ పేరు తెలియజేసిన పుణ్యము ఆ చిత్రమునకు దక్కవలసినదే. మా ఫిర్యాదు చిత్రముపై కాదు. చూచి వచ్చిన మనపై. ఆ చిత్రమున మాయాబజారు మొదలగు చిత్రముల ఘట్టములను మరల నటించి చూపిరి. జనులు చూచి "అచ్చము సావిత్రియే!" అని మెచ్చిరి. ఎంత మంచి మాట! కాని అచ్చము సావిత్రి యగుట యనగా ఏమో తెలియవలెనన్న అసలు సావిత్రిని చూచియుండవలెను గదా. ప్రతిబింబము చూచి కరతాళధ్వనులు చేసిన వారిలో ఎందరు ఇంటికి వచ్చి బింబమును చూచిరి? ఎందరు కన్నీరు తుడుచుకొని "పాపము, ఎంత పని చేసికొన్నది!" అని నిట్టూర్చి ఊరకుండిరి? జీవితకథ చిత్రములకు ద్వారము కావలసినది. మనము ఆ ద్వారమునే ఇల్లనుకొని అచ్చటనే కాపురము పెట్టితిమి.

ఇక ఈ తీర్పులోని పక్షపాతమును చూడుడు. దేవదాసు చిత్రము వచ్చి డెబ్బది యేండ్లు దాటినది. అందు దేవదాసు ఏమి చేసెను? ధైర్యముచాలక ప్రేమించిన పిల్లను విడిచెను, విడిచి త్రాగెను, త్రాగి త్రాగి చచ్చెను. మన ప్రజలు అతనిని నిందించిరా? లేదు. అతని త్రాగుడును విరహమన్నారు. అతని దగ్గును కరుణరసమన్నారు. ప్రేమలో ఓడిన యువకునకు దేవదాసు అను పేరు పెట్టి ముద్దుగా పిలుచుకొన్నారు. ఆ చిత్రముననే పార్వతిగా నటించిన స్త్రీ, నిజజీవితమున మనస్సు విరిగి అదే పాత్రను చేతబట్టినప్పుడు, అదే ప్రజ యేమనెను? "వ్యసనము" అనెను, "స్వయంకృతము" అనెను, "ఆడుదానికి ఇది తగునా?" అనెను. పురుషుడు త్రాగిన కావ్యము. స్త్రీ త్రాగిన కళంకము! మేము త్రాగుడును సమర్థించుటలేదు. మద్యము మన పల్లెలను ఎట్లు కాల్చినదో మాకు తెలియును. 1990 దశకపు తొలి సంవత్సరములలో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమమున మన స్త్రీలు చూపిన శౌర్యము మా కన్నుల ముందున్నది. త్రాగుడు దోషమేని, ఇరువురియందును దోషమే. కరుణకు పాత్రమేని, ఇరువురియందును కరుణకు పాత్రమే. రెండు తక్కెడలుంచుకొని తూచువాడు వర్తకుడైనను దండనార్హుడు; న్యాయాధిపతి మాట చెప్పనేల?

ఇంకొక నిదర్శనము. ఆమెను వివాహమాడిన జెమినీ గణేశన్ అంతకు ముందే వివాహితుడు. తమిళ ప్రజలు ఆయనకు ప్రేమకు రాజు అను నర్థము గల బిరుదమొసగిరి. ఆ బిరుదము ఆయన తెరపై ధరించిన ప్రేమిక పాత్రలకు లభించినదేగాని జీవితమునకు గాదని కొందరు చెప్పుదురు. మంచిది, ఆ మాటనే మేము పట్టుకొనుచున్నాము. పురుషుని విషయమున తెరను వేరుగను బ్రతుకును వేరుగను ఉంచుట మన ప్రజలకు చేతనగును. అంత చక్కగా చేతనైన విద్య స్త్రీ విషయము వచ్చుసరికి ఏల మరచిపోవుదురు?

ఈ రెండు నాల్కల ధోరణి నేటిది గాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో తొలిసారి ప్రదర్శింపబడెను. భోగముమేళములను ఖండించుచు ఉపన్యసించు గిరీశమే మధురవాణి యింట కాలము గడపినవాడు. సంఘము ఆమెను చెడినదనెను. నాటకము ముగియుసరికి ఆ సంఘములోని పెద్దమనుష్యులకంటె ఆమెకే ధర్మబుద్ధి అధికమని చదువరికి తేటపడును. ఆ మధురవాణి పాత్రను 1955లో తెరపై ధరించినది ఎవరు? సావిత్రియే. మిస్సమ్మ వచ్చిన యేడాదియే అది. ఒకే సంవత్సరమున మేరీగాను మధురవాణిగాను నటింపగలిగిన ప్రతిభను గూర్చి మాటలాడుట మాని, ఆమె సంసారమును గూర్చి మాటలాడు ప్రేక్షకుని చూచినప్పుడు మాకు గిరీశము జ్ఞప్తికి వచ్చుచున్నాడు. అతడు చావలేదు. టిక్కెట్టు కొని మన ప్రక్కనే కూర్చున్నాడు.

మా మాటకు ప్రత్యుత్తరములు లేకపోలేదు. మొదటిది: "మేము డబ్బిచ్చి చూచితిమి, మా డబ్బుతో ఆమె గొప్పదైనది, ఆమె బ్రతుకును విచారించు హక్కు మాకు కలదు." అయ్యా, మీరు కొన్నది మూడుగంటల యాట. ఆ మూడుగంటలలో మీకు రావలసినది సంపూర్ణముగా ముట్టినది. వడ్డీతో కూడ ముట్టినది. కుండ కొన్నవాడు కుండను మ్రోగించి చూడవచ్చును. కుమ్మరి యింటిలోనికి పోయి అతని భార్యాభర్తల తగవు వినుటకు కుండ వెలలో హక్కు చేరియుండదు.

రెండవది: "ఆమె కథ నేటి యువతులకు గుణపాఠము, అందుచే చెప్పుచున్నాము." గుణపాఠమే కావలసినచో నిజమైన గుణపాఠమును చెప్పుడు. సంపాదించు స్త్రీ చుట్టును చేరువారెవరు? ఆమె అలసినప్పుడు తొలగిపోవువారెవరు? తెరపై యౌవనము గడచిన నటునకు ఇరువదియేండ్ల నాయికను జతచేయు పరిశ్రమ, అదే వయస్సు వచ్చిన నటికి తల్లివేషముగాని మౌనముగాని యేల యొసగును? ఈ ప్రశ్నలు గుణపాఠములు. వీనిని విడిచి, "సినిమాలోనికి పోయిన ఆడుదాని గతి యింతే" యనుట గుణపాఠము గాదు, బెదిరింపు. ఒకప్పుడు మన నాటకరంగమున స్త్రీపాత్రలు పురుషులే ధరించిరి. స్థానం నరసింహారావుగారు సత్యభామగా కీర్తిగాంచుట మన కళాచరిత్రలో గొప్ప సంగతియే. కాని ఆ గొప్పతనము వెనుక, ఆడుది రంగమెక్కిన పరువు పోవునను భయము కూడ నుండెను. సురభి నాటకసమాజముల స్త్రీలు ఆ భయమును జయించి రంగమెక్కిరి. వారిలో కమలాబాయి 1932లో తొలి తెలుగు టాకీయగు భక్తప్రహ్లాదలో లీలావతియై తెరయెక్కెను. అట్లు త్రోసిన తలుపును, మరణించిన నటియొక్క కన్నీటి కథను అడ్డుగడియగా వేసి, మరల మూయుదమా?

మూడవది: "ఆమెపై ప్రేమచేతనే మేము ఆమె జీవితమును తెలిసికొనగోరితిమి. ఆమె దానశీలమును కూడ మేమే గదా కొనియాడుచున్నాము!" ఈ మాటలో కొంత సత్యము కలదు, కావున మర్యాదతోనే బదులు చెప్పెదము. ఆమె చేతికి ఎముక లేదనుట ప్రసిద్ధము. కాని దానగుణముచే ఆమె మహానటి కాలేదు. పానదోషముచే ఆమె నటన తక్కువయు కాలేదు. నిందయైనను స్తుతియైనను నటికి చెందవలసినది నటనయందే. ప్రేమగలవారు చేయవలసిన మొదటి పని, ఆమె దేనిని మనకు ఇయ్యగోరెనో దానిని స్వీకరించుట. ఆమె మనకు ఇయ్యగోరినది తన గాయములను గాదు, తన పాత్రలను.

ఈ దుర్విమర్శవలన కలిగిన నష్టము ఎంతటిదో తెలుపుటకు ఒక్క సంగతి చాలును. సావిత్రి నటి మాత్రమే కాదు, దర్శకురాలు కూడ. 1968లో చిన్నారి పాపలు అను చిత్రమునకు ఆమె దర్శకత్వము వహించెను. స్త్రీలు పలువురు కూడి తలపెట్టిన సాహసమది. సంగీతము కూడ ప్రసిద్ధ గాయని పి. లీలదే. 1969లో మాతృదేవత, 1971లో వింతసంసారము తీసెను. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వమున 1964లో తెలుగువారిని ఏడ్పించిన మూగమనసులు కథను తమిళమున ప్రాప్తమను పేర 1971లో తానే నిర్మించి దర్శకత్వము నెరపెను. అంతకుముందు 1953లో భానుమతి చండీరాణిని మూడు భాషలలో తీసి చూపియుండెను గనుక, తెలుగు స్త్రీ దర్శకత్వము చేయుట అపూర్వము గాదు, అయినను అరుదైనదే.

ఈ చిత్రములను గూర్చి నేటి ప్రేక్షకునకు తెలిసినదేమి? "వానివలన ఆమె డబ్బు పోయినది." ఇంతే! వానిలో కథ యెట్లున్నది, దృశ్యములు ఎట్లు కూర్చినది, పిల్లలచేత ఎట్లు నటింపజేసినది, ఎచ్చట తప్పినది, ఎచ్చట ఒప్పినది అను విచారణ లేదు. ఒక పురుష దర్శకుని చిత్రము ఓడినచో అది ఓడిన చిత్రము. సావిత్రి చిత్రము ఓడినచో అది ఆమె పతనమున ఒక మెట్టు! చిత్రము చిత్రముగా ఓడుటకైనను నోచుకొనలేదు. అప్పులపట్టికలో ఒక పద్దుగా మిగిలినది. చూచి "బాగులేదు" అనినను ఆ చిత్రములకు గౌరవమే. చూడకుండ జాలిపడుట అవమానము. దర్శకురాలిగా ఆమెను మన ప్రజలు ఓడించిరని మేము అనము. దర్శకురాలిగా ఆమెకు విచారణయే జరుగలేదని అనుచున్నాము.

ఇందు పత్రికలవారి పాపము తక్కువగాదు. ఇతరులను నిందించుచు మమ్ము మేము తప్పించుకొనజాలము. నటి నటనను గూర్చి నాలుగు మంచి వాక్యములు వ్రాయుటకు శ్రమ కావలెను. ఆమె యింటి సంగతులు వ్రాయుటకు సిగ్గు లేకున్న చాలును. శ్రమపడనివారు రెండవ దారి త్రొక్కిరి. పత్రికలు నాటిన విత్తనమునకు ప్రజలు నీరు పోసిరి. నేడు పత్రిక యక్కరలేకయే ప్రతివాడును తన ఫోనులో ఒక పత్రిక నడుపుచున్నాడు. పాత పత్రికల గుణములు అబ్బినవో లేదో గాని దోషము మాత్రము అబ్బినది. నేడు తెరపై నున్న యువనటీమణుల వివాహములు, విడాకులు, దుస్తులు, మాటలు ఎట్లు చర్చింపబడుచున్నవో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. సావిత్రి విషయమున ఆమె మరణానంతరము చేసిన పనిని, వీరి విషయమున వీరు బ్రతికియుండగనే చేయుచున్నాము. చనిపోయినవారికి మన నింద వినబడదు. బ్రతికియున్నవారికి వినబడును. ఇదియే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పిన తొందర.

కావలసినదేమి? చట్టములు గావు, శాసనములు గావు. ప్రేక్షకుడు తన పాత గౌరవమును తాను తిరిగి నిలుపుకొనవలెను. 2010లో మాయాబజారుకు రంగులద్ది మరల విడుదల చేసినప్పుడు, తొలి విడుదల జరిగిన ఏబదిమూడేండ్లకు, తాతలు మనుమలను వెంటబెట్టుకొని సినిమాశాలకు పోయిరి. ఆ మనుమలకు సావిత్రి సంసారకథ యేదియు తెలియదు. తెరపై ఆడుపిల్ల రూపమున గర్జించు రాక్షసుని చూచి వారు నవ్విరి. ఆ నవ్వులో జాలి లేదు, నింద లేదు, వదంతి లేదు. చూచినదానికి కలిగిన నిర్మలమైన సమాధానమది. పామర ప్రేక్షకుని యభిప్రాయమనగా మేము కోరునది ఆ పిల్లవాని నవ్వు వంటిది. ఆమె ముఖము 2011లో తపాలాబిళ్లపై నెక్కెను, మంచిదే. కాని ఆ పిల్లవాని నవ్వు ఆ తపాలాబిళ్లకంటె గొప్ప సన్మానము.

ఒక్క సంగతి మరువరాదు. కమలాబాయి లీలావతి యెట్లుండెనో మనకు తెలియదు. ఆ తొలి టాకీ నేడు చూచుటకు లభింపకున్నది. కాలము ఆమెకు తీర్పు లేకుండ చేసినది. అది కాలము చేసిన యన్యాయము. సావిత్రి మేరీ యున్నది, పార్వతి యున్నది, శశిరేఖ యున్నది, మధురవాణి యున్నది, సైరంధ్రి యున్నది. ఇంటిలో కూర్చుండి చూచు సౌకర్యము కూడ నేడు కలదు. చూడగలిగియు చూడక, తెలిసికొనవచ్చినదానిని విడిచి తెలిసికొనరానిదానికై ప్రాకులాడుట మనము చేయు నన్యాయము. దీనికి కాలమును నిందింపజాలము.

కావున ఆంధ్ర సోదరీ సోదరులారా! ఈ పర్యాయము ఎవరైనను మీ యెదుట సావిత్రి పేరెత్తి, ఆమె త్రాగుడును గూర్చియో తగవులను గూర్చియో మొదలుపెట్టినప్పుడు, వారిని కోపపడకుడు, ఒక్క ప్రశ్న యడుగుడు: "అయ్యా, మిస్సమ్మలో ఆమె ఎచ్చట నవ్వినది? ఆ నవ్వు ఎందువలన వచ్చినది?" బదులు తెలిసినవాడు వెంటనే చిత్రమును గూర్చి మాటలాడును, మీకును అతనికిని మంచి కాలక్షేపమగును. బదులు తెలియనివాడు మౌనము వహించును. ఆ మౌనము కూడ ఆమెకు మనము చెల్లింపవలసిన ఋణములో ఒక భాగమే.

ఆమెను న్యాయస్థానమున నిలువబెట్టినది చాలును. ఇక తెరపై నిలువనిండు.